మంగళవారం నాటి ‘ఆయ్తు’

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, జూన్ మొదటి వారంలో, బెంగళూరు శివార్లలో బొమ్మసంద్రలోని ఒక మందుల ముడిపదార్థాల కర్మాగారం పని నాకు అప్పగించారు. అప్పుడు నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రిన్సిపల్ ఇంజినీర్‌ని. హోదా పేరు ఘనంగానే ఉంటుంది గానీ కింద పనిచేసేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఎవరికీ అంతుపట్టని పాత సమస్య వస్తే పిలుస్తారు, తేలకపోతే తిడతారు.

ఆ కర్మాగారంలో పొడి నింపిన డ్రమ్ములను కాటా మీద తూచి, బరువుతో లేబుల్ అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటుంది. ఇరవై రెండేళ్ల కిందట, ఇంకా చిన్న హోదాలో ఉన్నప్పుడు, దాన్ని రాసింది నేనే. అది నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది. కాబట్టి కంప్యూటర్ మార్చాలి, కొత్త సిస్టమ్ పెట్టాలి, కానీ ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. మందుల కర్మాగారాల్లో ప్రోగ్రామ్ ముట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి పరీక్షలు, కాగితాలు, తనిఖీ అధికారుల సంతకాలు. ఆర్నెల్లు పడుతుంది.

ఇలాంటప్పుడు మా సంస్థ అమ్మేది మధ్యలో కూర్చునే ఒక పొర. పాత ప్రోగ్రామ్ పాత పద్ధతిలో ఏదో అడుగుతుంది. ఆ పొర దాన్ని కొత్త సిస్టమ్‌కి అర్థమయ్యేలా చెప్పి, జవాబు తెచ్చి ప్రోగ్రామ్‌కి అందిస్తుంది. మా వాళ్లు లేయర్ అనేవారు, నేను దుబాసీ అనేదాన్ని. కొత్తది వచ్చినా పాతదాని పని చెడకూడదు, అంతే దాని ధర్మం. చెప్పడానికి ఒక్క వాక్యం గానీ, నా ఉద్యోగంలో సగం దానికే పోయింది.

ఆఫీసులో నాలుగొందల పైచిలుకు పరీక్షలు నడిపాం, అన్నీ పాసయ్యాయి. ఒక ఆదివారం వెళ్లి కంప్యూటర్ మార్చాం. సోమవారం మొదటి షిఫ్టు నుంచి తూకం కొత్తదాని మీద మొదలైంది.

మొదటి షిఫ్టులో తూచేది మునిరత్నం. నేను ఆ ప్రోగ్రామ్ రాసిన రోజు నుంచీ ఆ కాటా దగ్గర ఉన్న మనిషి. హోసూరు రోడ్డు పక్కనే పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాట్లాడితే మా గుంటూరు వైపు వాళ్లకి సగం అర్థమై సగం కాని తెలుగు. చదవడం, రాయడం మాత్రం కన్నడంలోనే. ఇరవై రెండేళ్లలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఇంకో మూడేళ్లు పనిచేస్తే ఆయనా రిటైరవుతాడు.

మా విధానం ప్రకారం మొదటి వంద డ్రమ్ములకు లేబుల్ మీది బరువునీ కాటా అద్దంలో కనిపించే బరువునీ ఆపరేటరు పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఆ మాట కర్మాగారానికి పంపిన పత్రంలో రాశాను, వాళ్లు చెప్పే ఉంటారనుకున్నాను. మంగళవారం సాయంత్రానికి నా నివేదిక వెళ్లాలి. మధ్యాహ్నం రెండింటికి, ఆయన షిఫ్టు దిగే వేళకి ఫోన్ చేసి, “మునిరత్నం, వంద డ్రమ్ముల లేబుళ్లు కాటాతో సరిచూడటం సంగతి...” అన్నాను. “ఆయ్తమ్మా,” అన్నాడు. ఆయ్తు అంటే కన్నడంలో అయింది అని. హమ్మయ్య అనుకుని నివేదికలో ఒక వాక్యం రాశాను: మొదటి వంద డ్రమ్ముల లేబుళ్లను మొదటి షిఫ్టు ఆపరేటరు సరిచూశారు, తేడాలు లేవు. కింద సంతకం పెట్టి పంపించేశాను.

కంప్యూటర్ మార్చిన మూడో వారంలో పిడుగు పడింది. ఆ డ్రమ్ములు కొన్న మాత్రల కంపెనీ వాళ్లు తమ దగ్గర మళ్లీ తూస్తే పంతొమ్మిది డ్రమ్ముల బరువు లేబుల్‌తో కలవలేదు. పాతిక కిలోల డ్రమ్ములో రెండొందలు, మూడొందల గ్రాముల తేడా. తేడా చిన్నదే. కానీ లేబుల్ మీది బరువును బట్టే వాళ్లు మందులో పాళ్లు కలుపుతారు. ఆ పంతొమ్మిదీ కంప్యూటర్ మార్చాక వచ్చిన మొదటి సోమ, మంగళవారాల్లో మొదటి షిఫ్టువే. మిగతా రెండు షిఫ్టుల్లో ఒక్కటి కూడా లేదు. కంప్యూటర్ అదే, కాటా అదే, ప్రోగ్రామ్ అదే.

లాగ్ తీసి చూస్తే ఇంకో విడ్డూరం. ప్రోగ్రామ్ ఏ క్షణాన ఏం చేసిందో రాసుకునే చిట్టా అది. అందులో బుధవారం నుంచి మునిరత్నం షిఫ్టులో కొన్ని డ్రమ్ములు రెండేసిసార్లు తూచినట్టుంది. మిగతా ఎవరి షిఫ్టులోనూ అలా లేదు.

కర్మాగారం క్వాలిటీ మేనేజరు ఈ రెండింటినీ కలిపి ఒక కథ అల్లాడు. సోమ, మంగళవారాలు ఈయన సరిచూడకుండానే చూశానని చెప్పాడు, తప్పు బయటపడుతుందని భయపడి బుధవారం నుంచి రెండుసార్లు తూస్తున్నాడు, అని. సరిచూసినట్టు ఆధారం ఏమిటయ్యా అంటే నా నివేదికలోని ఆ ఒక్క వాక్యం. మందుల పరిశ్రమలో చేయని తనిఖీని చేసినట్టు చెప్పడం కన్నా పెద్ద నేరం లేదు. తప్పు తూస్తే మందలిస్తారు, తప్పుడు రికార్డుకి ఉద్యోగం పోతుంది. ఆ వారం శుక్రవారానికి ఎంక్వైరీ పెట్టారు. అప్పటిదాకా పనిలో ఉండనిచ్చారు గానీ, ఆయన వేసే ప్రతి లేబుల్ మీదా సూపర్‌వైజరు సంతకం ఉండాలన్నారు.

మా మేనేజరు ప్రతీక్‌కి నా వయసులో సగం. మంచివాడే. మన నివేదిక మనల్ని కాపాడింది మేడమ్ అని సంతోషంగా చెప్పాడు. నాకు సంతోషం కలగలేదు. మునిరత్నం అబద్ధమాడాడంటే నమ్మబుద్ధి కాలేదు, ఆడలేదనుకుంటే ఆ పంతొమ్మిది డ్రమ్ములూ అర్థం కాలేదు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో ఎన్నిసార్లు నడిపినా లేబుళ్లు సరిగ్గానే వచ్చాయి.

ఎంక్వైరీకి రెండు రోజుల ముందు, బుధవారం బొమ్మసంద్ర వెళ్లాను. ఆ కంప్యూటర్లో నిఘా ప్రోగ్రామ్ ఒకటి పెట్టాను. మా పొర ఏ మాట విని ఏ మాట చెప్పిందో అది అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా రెండో షిఫ్టు ఆపరేటరు పక్కన కూర్చున్నాను. ఆ అబ్బాయి ఒక పక్క పాటలు పెట్టుకుని, ఇంకో పక్క క్రికెట్ స్కోరు తెరుచుకుని, మధ్యలో తూకం వేస్తున్నాడు. ఇతని చేతిలో తప్పు జరగకుండా మునిరత్నం చేతిలో జరగడమేమిటని నాకు ఒళ్లు మండింది. లేబుళ్లు మాత్రం ముత్యాల్లా వచ్చాయి. కరెంటు హెచ్చుతగ్గులా అనుకున్నాను, ప్రింటర్ అనుకున్నాను, పొద్దున పూట ఏసీ చల్లదనం అని కూడా అనుకున్నాను. అక్కడికేదో కాటాకి చలి వేస్తున్నట్టు!

గురువారం పొద్దున ఆరింటికల్లా మళ్లీ వెళ్లాను. మునిరత్నం నన్ను చూసి నమస్కారం పెట్టి, కుర్చీ తెచ్చి వేశాడు. ఎంక్వైరీ మాట ఎత్తలేదు. కాసేపటికి ఆయనే నెమ్మదిగా అన్నాడు. “నేను చూడకుండానే చూసినానని చెప్పినానంట. ఎవరో రిపోర్టులో రాసిండారంటమ్మా. ఎవరికి చెప్పినానో నాకే తెల్దు.”

ఆ ఎవరో నేనేనని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. సిగ్గుపడ్డాను, ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆ మంగళవారం ఆయనే కదా ఆయ్తు అన్నాడు, ఇప్పుడేమో తెలియదంటున్నాడేమిటి అని లోపల ఒక పక్క కోపం కూడా వచ్చింది. ఏదీ తేలక, ముందు పని మొదలుపెట్టమన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు తుడుచుకుని, తెర మీద తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాడు. రాత్రి షిఫ్టు వాళ్లు వదిలేసిన పాటలు మూశాడు. స్కోరు మూశాడు. చివరికి నా నిఘా ప్రోగ్రామ్‌ని కూడా, తప్పు చేస్తున్నట్టు నా వైపు ఒకసారి చూసి, మూసేశాడు. అయ్యో, అది నాది, ఎందుకు మూశారని అడిగాను. ఆయన గోడ వైపు చూపించాడు.

గోడ మీద పచ్చబడిన కాగితం ఒకటి, నాలుగు పక్కలా టేపు మీద టేపు వేసి ఉంది. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు: “ఇది నడిచేటప్పుడు వేరే ఏదీ తెరవొద్దు.” ఆ వంకర అక్షరాలు నావే. బెంగళూరు వచ్చిన కొత్తల్లో కన్నడ అక్షరాలు నేర్చుకుని, మునిరత్నం చదువుకోవడానికని నేనే రాసి అంటించాను. అప్పటి కంప్యూటర్లలో జ్ఞాపకశక్తి తక్కువ, ఇంకొకటి తెరిస్తే నా ప్రోగ్రామ్ నిలిచిపోయేది.

“మీరే కదమ్మా రాసిండేది,” అన్నాడు.

ఈ కంప్యూటర్‌కి ఆ కాగితం అక్కర్లేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకు గుర్తే లేదు.

ఆయన మొదటి డ్రమ్ము తూచాడు, రెండోది తూచాడు, సరిగ్గానే వచ్చాయి. మూడో డ్రమ్ము ఎక్కించి మీట నొక్కాడు. లేబుల్ బయటికొచ్చింది. అద్దంలో ఒక బరువు, లేబుల్ మీద ఇంకో బరువు. లేబుల్ మీదిది రెండో డ్రమ్ము బరువు. ఆయన మళ్లీ నొక్కాడు. ఈసారి సరైన లేబుల్ వచ్చింది. మొదటిదాన్ని చింపి బుట్టలో వేసి, రెండోది అంటించాడు.

నేను లేచి నిలబడ్డాను. అప్పటికి విషయం సగం తెలిసింది. మీట నొక్కగానే నా ప్రోగ్రామ్ కాటాకి “ఈ బరువు పట్టి ఉంచు” అని ఆజ్ఞ పంపుతుంది. సిస్టమ్ నుంచి సరేనని జవాబు రాగానే కాటా దగ్గరున్న అంకె చదివి లేబుల్ వేస్తుంది. పాత సిస్టమ్‌లో ఆజ్ఞ తీగ వెంట వెళ్లి కాటాకి చేరాక గానీ జవాబు వచ్చేది కాదు. కొత్త సిస్టమ్ ఆజ్ఞను తన దగ్గర పెట్టుకుని వెంటనే సరే అంటుంది, తీరిక చూసుకుని పంపుతుంది. ఈలోగా నా ప్రోగ్రామ్ వెళ్లి చదివితే కాటా దగ్గర ఇంకా ముందు డ్రమ్ము బరువే ఉంటుంది. పాటలూ స్కోర్లూ నడుస్తుంటే కంప్యూటర్ నెమ్మదించి, ఆజ్ఞ కాటాకి చేరడానికి వ్యవధి దొరికేది. నా నిఘా ప్రోగ్రామ్ పెట్టినా అంతే. అన్నీ మూసి, శుభ్రంగా, చెప్పినట్టు పనిచేసే మనిషి దగ్గరే అది పరుగెత్తి తప్పు చదివేది. రెండోసారి నొక్కేసరికి కాటా దగ్గర ఉన్నది ఈ డ్రమ్ము బరువే కాబట్టి లేబుల్ సరిగ్గా పడేది.

రెండుసార్లు నొక్కడం ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాను. మీరు చూడమన్న మర్నాటి నుంచే కదమ్మా అన్నాడు. సరిచూస్తే తేడా కనబడిందట. మళ్లీ నొక్కితే సరిపోయిందట. రెండు మార్లు ఒత్తాల్సి వస్తా ఉండాదని సూపర్‌వైజరుకి చెబితే, ఆయన కూడా ఆయ్తు అన్నాడట.

“మరి ఆ మంగళవారం నాతో ఆయ్తు అన్నారు కదా,” అన్నాను.

“చూస్తానని అంటినమ్మా. మీరు చెప్తిరి, ఆయ్తు అంటిని. చూసేసింటే చూసినానని చెప్తా ఉంటిని కదా.”

ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉన్నాను. పని ముగిసిందని చెప్పడానికీ ఆయ్తే, సరే అలాగే అనడానికీ ఆయ్తే అని నాకు తెలియక కాదు. కూరగాయల బండి దగ్గర, ఆటో ఎక్కేటప్పుడు రోజుకి పదిసార్లు నేనూ అంటాను. ఆ మంగళవారం మాత్రం నివేదిక పంపే తొందరలో, నాకు కావలసిన అర్థమే నా చెవిన పడింది. నా ప్రోగ్రామ్ కూడా సరిగ్గా ఆ పనే చేసింది. సిస్టమ్ సరే అంది. అయిపోయిందనుకుని అది లేబుల్ వేసింది, నేను సంతకం వేశాను.

అప్పుడు చెప్పాను, ఆ రిపోర్టు రాసింది నేనేనని. మునిరత్నం నాలుగో డ్రమ్ము ఎక్కించాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం ఆఫీసుకి వచ్చి రెండు సిస్టమ్‌ల పుస్తకాలూ తీశాను. రెండింట్లోనూ ఒకే అర్థం వచ్చే వాక్యం ఉంది. ఆజ్ఞను స్వీకరిస్తే సఫలమని జవాబిస్తాం, అని. స్వీకరిస్తే, అంతే. చేరుస్తామని పాతది కూడా ఎప్పుడూ మాట ఇవ్వలేదు. దాని తీరు అలా ఉంది, నేను దాన్ని మాటగా తీసుకుని ఇరవై రెండేళ్ల కిందట ప్రోగ్రామ్ రాసేశాను. మా నాలుగొందల పరీక్షలు కూడా సరే అన్న జవాబు వచ్చిందా లేదా అనే అడిగాయి. నిజం కాటా బదులు ఆఫీసులో పెట్టుకున్న నకిలీ కాటాకి తీగ దూరమే లేదు.

ప్రతీక్‌కి చెబితే, పుస్తకం ప్రకారం మన పొర చేసింది తప్పు కాదు కదా మేడమ్, మీ పాత ప్రోగ్రామ్‌దే తప్పు అన్నాడు. అది నిజమే. ఎంక్వైరీలో నా వాక్యాన్ని “కమ్యూనికేషన్ గ్యాప్” అని రాద్దామన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గ్యాప్ అంటే ఇద్దరి మధ్యా ఉండేది. ఇందులో మునిరత్నం వైపు నుంచి లోటేమీ లేదు. ఆ మాటే అతనితో అన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను.

శుక్రవారం ఎంక్వైరీలో నా వాంగ్మూలం నేనే రాసి చదివాను. తనిఖీ జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు, ఒక మాటను నాకు అనుకూలంగా అర్థం చేసుకుని నేను రాశాను, ఆ వాక్యం తప్పు, దానికి ఆపరేటరుకి సంబంధం లేదు, తేడాను మొదట పట్టుకుని మంచి లేబుళ్లు వేసింది ఆయనే, అని. ఆయ్తు అనే మాటకి రెండర్థాలని కూడా రాసుకోమని విచారణాధికారి పక్కవాడికి కన్నడంలో చెప్పాడు. పక్కవాడు ఆయ్తు సార్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు తనకేమీ గుర్తు లేదన్నాడు. మునిరత్నం మీద ఆరోపణ కొట్టేశారు. మా సంస్థలో నాకు మందలింపు లేఖ వచ్చింది. ఆ తర్వాత నేను రాసే ప్రతి నివేదిక మీదా ఇంకొకరి సంతకం ఉండాలన్నారు. మునిరత్నం లేబుళ్ల మీద నాలుగు రోజులు పెట్టిన షరతు నాకు రెండేళ్లు నడిచింది. అన్యాయమని నేను అనుకోలేదు.

పొరను సరిచేశాం. ఆజ్ఞ కాటాకి చేరేదాకా జవాబివ్వకుండా ఆగేలా, అంటే పాత సిస్టమ్ తీరుకి తగ్గట్టు మార్చాం. ప్రతీక్ చివరిదాకా ఒప్పుకోలేదు. తప్పుగా ఆధారపడిన ప్రతి ప్రోగ్రామ్ కోసమూ ఇలా వంగుతూ పోతే కొత్త సిస్టమ్‌లో కొత్తదనం ఏం మిగులుతుందని అతని వాదన. రాసి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా, రాయకుండా అలవాటు చేసినదాన్ని కూడా నిలబెట్టుకోవాలా? ముప్పై ఏళ్లకు పైగా ఈ పనే చేసి కూడా నాకు ఇప్పటికీ తేలలేదు. అలవాటును మార్చేటప్పుడు దాని మీద బతుకుతున్నవాళ్లెవరో వెళ్లి చూడాలన్నంత వరకే తేలింది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. జవాబు వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. అయిందా లేదా అన్నది జవాబిచ్చినవాడిని కాదు, పనిని చూసి తెలుసుకోవాలి.

సవరణ పెట్టిన రోజు బొమ్మసంద్ర వెళ్లి, గోడ మీది కాగితం నా చేత్తోనే ఊడదీశాను. ఇకమీద ఏది తెరిచి ఉన్నా పర్వాలేదు, మూయక్కర్లేదు, ఒక్కసారి నొక్కితే చాలు, కానీ ఇవాళ వంద డ్రమ్ములూ సరిచూడాలి అని మునిరత్నానికి చెప్పాను.

“ఆయ్తమ్మా,” అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. వందో డ్రమ్ము దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది.